పోలిక ఎక్కడుంటుంది? నేటి పోర్ట్రెయిట్లలో రంగూ గరుకూ చేసే పని

క్లుప్తంగా: మనిషిని గుర్తుపట్టడానికి కన్ను ముందు వెతికేది రంగును కాదు, ముదురు-లేత తేడాలను. అవి కుదిరితే చెంప ఎర్రగా ఉన్నా ఆకుపచ్చగా ఉన్నా పోలిక చెడదు. అవి తప్పితే ఒంటి రంగు ఎంత సహజంగా కలిపినా మనిషి దొరకడు. ఇవాళ్టి చిత్రకారులు రంగుతో తీసుకునే స్వేచ్ఛ అంతా ఈ వెసులుబాటు మీదే నిలబడింది. గరుకుకు ఆ వెసులుబాటు లేదు. మందంగా పెట్టిన రంగు గదిలోని వెలుతురులో నిజమైన నీడ వేస్తుంది. ఆ నీడ నేరుగా ముదురు-లేతల్లోనే వేలు పెడుతుంది. అందుకే రంగు విషయంలో తెగించేవారు కూడా మందం దగ్గరికి వచ్చేసరికి లెక్క వేసుకుంటారు.

2024 మే 14న బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో బ్రిటన్ రాజు మూడో చార్లెస్ పోర్ట్రెయిట్‌ను ఆవిష్కరించారు. వేసినవారు జొనాథన్ యో. రాజు తొడుక్కున్న వెల్ష్ గార్డ్స్ యూనిఫాం ఎరుపు. ఆ ఎరుపు దుస్తుల దగ్గర ఆగలేదు. వెనక గోడనీ, చేతులనీ, పట్టుకున్న కత్తినీ కలుపుకుని కాన్వాస్ అంచులదాకా పాకింది. భుజం పైన ఒక సీతాకోకచిలుక. ముఖం మాత్రం ఆ ఎరుపులోంచి దాదాపు మామూలు ఒంటి రంగుతో బయటికి వచ్చినట్టుంటుంది. ఫొటో బయటికొచ్చిన కొన్ని గంటల్లోనే రక్తంలో ముంచినట్టుందని కొందరు, చాలాకాలానికి ఒక రాజ చిత్రంలో ప్రాణం కనిపించిందని కొందరు వాదులాడుకున్నారు.

అంతకు ఆరేళ్ల ముందు, 2018 ఫిబ్రవరి 12న, వాషింగ్టన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఒబామా దంపతుల చిత్రాలు ఆవిష్కరించినప్పుడూ ఇదే గొడవ. ఏమీ షెరాల్డ్ మిషెల్ ఒబామా ఒంటిని బూడిద రంగులో వేశారు. కెహిందే వైలీ బరాక్ ఒబామాను ఆకులూ పూలూ అల్లుకున్న ఆకుపచ్చ గోడ ముందు కూర్చోబెట్టారు. రంగు ఎందుకు మార్చారు, మార్చినా మనిషి ఎలా గుర్తుకొస్తున్నాడు అన్న రెండు ప్రశ్నలూ అప్పటినుంచి మళ్లీ మళ్లీ వస్తున్నాయి. రెండో ప్రశ్నకు జవాబు తెలిస్తే మొదటిది సగం విడిపోతుంది.

## నెగటివ్ చెప్పే సంగతి

డిజిటల్ కెమెరాలు రాకముందు ఫొటో స్టూడియోల్లో ప్రింట్లతోపాటు నెగటివ్‌లు కూడా కవర్లో పెట్టి ఇచ్చేవారు. నెగటివ్‌ను వెలుతురుకు ఎత్తి చూస్తే కుర్చీ తెలుస్తుంది, చీర అంచు తెలుస్తుంది, కూర్చున్నది అత్తో పిన్నో మాత్రం చప్పున తేలదు. గీతలన్నీ ఉన్నచోటే ఉన్నాయి. తారుమారైంది ముదురు-లేత ఒక్కటే. అదే మనిషి బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో రంగు మొత్తం పోయినా క్షణంలో దొరికిపోతుంది.

కారణం ముఖం కట్టుబడిలో ఉంది. దాదాపు ఏ వెలుతురులోనైనా కంటి గుంటలు నుదుటికన్నా, చెంపలకన్నా ముదురుగా ఉంటాయి. ముక్కు కింద, కింది పెదవి కింద, గడ్డం కింద నీడ పడుతుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న ఈ అమరికను మెదడు అచ్చులాగా దాచుకుంటుంది. రంగు సంగతి అలా కాదు. పొద్దున్న ఎండలో, ట్యూబులైటు కింద, దీపం వెలుగులో ఒకే చెంప మూడు రంగుల్లో కనిపిస్తుంది. రోజుకు పదిసార్లు మారే గుర్తు మీద ఆధారపడితే అమ్మను కూడా పోల్చుకోలేం. అందుకే రంగు తప్పును కన్ను సులభంగా క్షమిస్తుంది. ముదురు-లేత తప్పును క్షమించదు.

తెలుగులో 'ఛాయ' అనే మాట నీడకూ చెల్లుతుంది, ఒంటి రంగుకూ చెల్లుతుంది, తండ్రి ఛాయలున్నాయని చెప్పినప్పుడు పోలికకూ చెల్లుతుంది. పోర్ట్రెయిట్ వేసేవారికి ఈ మూడింటిలో పునాది మొదటి అర్థమే. నీడ కుదిరితే పోలిక వస్తుంది, ఒంటి రంగు చిత్రకారుడి చేతికి వదిలేసినట్టే.

దీన్ని మొట్టమొదట బాహాటంగా వాడుకున్నవారిలో ఫ్రెంచి చిత్రకారుడు హెన్రీ మతీస్ ఒకరు. 1905లో తన భార్య ముఖాన్ని వేసినప్పుడు నుదుటి నుంచి గడ్డం దాకా నిలువుగా ఒక ఆకుపచ్చ చార గీశారు. ఆ చారకు ఒక పక్క చెంప పసుపు, ఇంకో పక్క గులాబీ. కోపెన్‌హాగెన్ మ్యూజియంలో ఉన్న ఆ చిత్రంలో చార అలంకారం కాదు. వెలుగు పక్కకూ నీడ పక్కకూ మధ్య సరిహద్దు ఎక్కడ పడాలో సరిగ్గా అక్కడే పడింది, ఆ చోటుకు కావలసినంత ముదురుగా ఉంది. రంగు మాత్రమే ఊహ, చోటు నిజం. నేటి పోర్ట్రెయిట్లలో ఊదా నీడలు, నారింజ ముక్కులు, నీలి దవడలు అన్నీ ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి.

## ఒక్కో రంగుకు ఒక్కో మెట్టు

అయితే ఏ రంగునైనా ఎక్కడైనా పెట్టేయవచ్చా? లేదు. ప్రతి రంగూ తన పూర్తి బలంతో మెరిసే మెట్టు ఒకటుంటుంది. తెలుపును ఒకటి, నలుపును పది అనుకుంటే కాడ్మియం పసుపు రెండు, మూడు మెట్ల దగ్గర ప్రకాశిస్తుంది. కాడ్మియం ఎరుపు మధ్యలో, ఐదారు దగ్గర. అల్ట్రామెరైన్ నీలం ట్యూబు నుంచి తీసినప్పుడు దాదాపు నల్లగా ఉండి, కాస్త తెలుపు తగిలాకే నీలంగా విచ్చుకుంటుంది. పసుపును నీడలోకి దించాలని నలుపు కలిపితే అది పసుపుగా మిగలదు, ఆకుపచ్చకు తిరిగిపోతుంది. నీలాన్ని నుదుటి వెలుగుదాకా లేపాలని తెలుపు కలుపుతూ పోతే బలం చచ్చి పాలనీలం అవుతుంది. నీడల్లో నీలం-ఊదాలు, వెలుగులో పసుపు-నారింజలు, మధ్య టోన్‌లో ఎరుపు-ఆకుపచ్చలు ఇన్ని చిత్రాల్లో ఎందుకు కనిపిస్తాయంటే ఫ్యాషన్ వల్ల కాదు, ఆ రంగులు ఆ మెట్ల మీదే బలంగా నిలబడగలవు కాబట్టి.

పని క్రమం ఇలా ఉంటుంది. మొదట ముఖాన్ని ఐదు మెట్లకు మించకుండా, బర్న్ట్ అంబర్ అనే ఒక్క ముదురు గోధుమ రంగుతోనో బొగ్గుతోనో కట్టుకోవాలి. కళ్లు చికిలించి చూస్తే చిన్నాచితకా వివరాలు కరిగిపోయి ఈ ఐదు మెట్లే మిగులుతాయి. తర్వాత ప్యాలెట్ మీద ఒక్కో మెట్టుకు ఒక్కో బూడిద ముద్ద కలిపి పెట్టుకుని, వాడదలచిన రంగును ఆ ముద్ద పక్కనే ఆనించి మళ్లీ కళ్లు చికిలించాలి. రెంటి మధ్య అంచు మాయమైతే మెట్టు కుదిరినట్టు. అంచు కొట్టొచ్చినట్టు కనిపిస్తే రంగు ఎంత అందంగా ఉన్నా అది ఆ చోటుకు పనికిరాదు. ఈ పరీక్ష ప్యాలెట్ మీద అర నిమిషం పని. కాన్వాస్ మీద పెట్టాక సరిదిద్దాలంటే పూటంతా పడుతుంది.

చాలామంది ఫోన్‌తో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌గా మార్చి సరిచూసుకుంటారు. పెద్ద తప్పులు పట్టుకోవడానికి అది చాలు. ముదురు ఎరుపులనూ నీలాలనూ మాత్రం ఒక్కో ఫోన్ ఒక్కోలా బూడిదగా మారుస్తుంది కాబట్టి, ఫోన్ ఒకటి చెప్పి చికిలించిన కన్ను ఇంకొకటి చెబితే కన్ను మాటే వినాలి.

ఇంకో తప్పు తరచూ జరుగుతుంది: అన్ని రంగులనూ ట్యూబు బలంతోనే వాడటం. ప్రతి మూలా అరుస్తుంటే ఏ మాటా వినబడదు. పారిస్‌లోని గోబ్లాన్ నేతశాలలో రంగుల పర్యవేక్షణ చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ 1839లోనే దీన్ని గ్రంథస్థం చేశారు. పక్కపక్కన పెట్టిన రంగులు ఒకదాన్నొకటి మార్చుకుంటాయి. బూడిద పక్కన పెట్టిన ఎరుపు మరింత ఎరుపవుతుంది, ఆ బూడిద కాస్త ఆకుపచ్చగా తోస్తుంది. కాబట్టి ఆకుపచ్చ నీడ కావాలంటే ప్రతిసారీ ఆకుపచ్చ ట్యూబు విప్పనక్కర్లేదు. ఎర్రని చెంప పక్కన బూడిద పెడితే చాలు, మిగతా పని కన్నే చేసుకుంటుంది. యో చిత్రంలో ముఖం అంత ఎరుపు మధ్య మునిగిపోకపోవడానికి కారణం కూడా ఇదే జాతిది. చుట్టూ ఉన్న ఎరుపుతో పోలిస్తే ముఖం బలం తక్కువ రంగులో, స్పష్టమైన ముదురు-లేతలతో ఉంది.

## గోధుమ ఒంటికి యూరప్ వంటకం కుదరదు

పోర్ట్రెయిట్ పాఠాల్లో ఎక్కువ భాగం లేత ఒంటి రంగును మనసులో పెట్టుకుని పుట్టినవి. నుదురు పసుపు వైపు, చెంపలు, ముక్కు, చెవులు ఎరుపు వైపు, గడ్డం, దవడ నీలి బూడిద వైపు అని మూడు పట్టీలుగా చెప్పే సూత్రం వాటిలో ఒకటి. చర్మం కింద నెత్తురు ఎంత దగ్గరగా ఉంది, గీసిన గడ్డం మొదళ్లు ఎంత కనిపిస్తున్నాయి అన్నదే ఆ సూత్రానికి ఆధారం. చామనఛాయ, నల్లని ఛాయల్లో ఈ పట్టీలు మసకబారతాయి. వాటి స్థానంలో కంటి చుట్టూ, నోటి చుట్టూ, నుదుటి మీద వచ్చే ముదురు తేడాలు ముఖ్యమవుతాయి. ముదురు చర్మం మీద మెరుపు కూడా ఎక్కువగా తేలుతుంది. ఆ మెరుపు ఒంటి రంగుది కాదు, ఆకాశానిదో కిటికీదో. నీలంగానో తెల్లగానో ఉంటుంది.

'ఫ్లెష్ టింట్' పేరుతో దొరికే ట్యూబు లేత గులాబీ. తెలుగువారి ఒంటికి అది దాదాపు ఎక్కడా సరిపోదు. ముదురు గోధుమకు సుమారు రెండు వంతుల బర్న్ట్ సియన్నా (ఎర్ర గోధుమ), ఒక వంతు అల్ట్రామెరైన్‌తో మొదలుపెట్టడం మంచిది. ఇక దాన్ని లేత చేయడంలో ఎక్కువమంది చేసే పొరపాటు నేరుగా తెలుపు కలపడం. తెలుపు రంగును లేత చేస్తుంది, దానితోపాటే బలాన్ని చంపి చల్లబరుస్తుంది. ఫలితంగా ముఖానికి బూడిద పూసినట్టవుతుంది. ముందు ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపుతోనో, కాస్త నారింజతోనో లేపి, ఆఖరి మెట్టుకే తెలుపు వాడితే చర్మం బతికి ఉంటుంది.

ఆర్డరు మీద పోర్ట్రెయిట్ వేసేవారికి 'కాస్త తెల్లగా వేయండి' అనే మాట కొత్త కాదు. దీని నష్టం సామాజికమే కాదు, కట్టుబడికి సంబంధించింది కూడా. ముఖంలో ఐదు మెట్లు ఉంటే, ఒంటి రంగును రెండు మెట్లు పైకి జరిపినప్పుడు వెలుగు పక్కన ఇక మెట్లు మిగలవు. నుదురు, చెంప ఎముక, ముక్కు దూలం ఒకే తెలుపులో కలిసిపోయి ముఖం చదునవుతుంది. అప్పుడు ఇంట్లోవాళ్లకే 'ఏదో తేడాగా ఉంది' అనిపిస్తుంది. తెల్లగా కావాలన్న కోరిక వల్లే ఆ తేడా వచ్చిందని ఎవరికీ తట్టదు.

ఒంటి రంగు సమస్యను ఇద్దరు చిత్రకారులు పూర్తిగా వేరే దారిలో తేల్చారు. వారిని పక్కపక్కన పెట్టి చూడాలి. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం తన తెలంగాణ స్త్రీల ఒంటిని దాదాపు ఒకే ముదురు గోధుమగా, చదునుగా వేస్తారు. వెలుగునీడలు కనీసంగా ఉంటాయి. ఆ ముదురు నేల మీద పెద్ద బొట్టు ఎరుపు, చీర నారింజ, పసుపు, పూల తెలుపు పూర్తి బలంతో మోగుతాయి. ఏమీ షెరాల్డ్ బూడిద చర్మం చేసేదీ అదే పని. ఒంటిని ఒక స్థిరమైన తటస్థ నేలగా నిలిపి, బట్టల రంగుకు గొంతు ఇవ్వడం. తేడా ఎక్కడంటే, షెరాల్డ్ బూడిదలో ముదురు-లేతలు పూర్తిగా ఉంటాయి, అందుకే కూర్చున్నది ఎవరో తెలుస్తుంది. వైకుంఠం స్త్రీలు ఫలానా మనిషి పోర్ట్రెయిట్లు కారు. ఒక ప్రాంతపు మనిషి తీరు అది. అక్కడ పోలిక నిలబెట్టాల్సిన బాధ్యత లేదు కాబట్టే వెలుగునీడలను వదిలేసే స్వేచ్ఛ వచ్చింది. వైకుంఠం రంగులు చూసి ఉత్సాహపడి, అదే చదును పద్ధతిలో ఒక ఫలానా పెద్దాయన పోర్ట్రెయిట్ వేయబోయినవారికి పోలిక జారిపోయేది ఇక్కడే.

## గరుకు తనతో నీడను తెస్తుంది

రంగు ముద్ద మూడు మిల్లీమీటర్లు లేచిందంటే అది ఇక బొమ్మ మాత్రమే కాదు, ఒక చిన్న గట్టు. గట్టుకు ఒక పక్క వెలుగు తగులుతుంది, ఇంకో పక్క నీడ పడుతుంది. ఈ వెలుగునీడలు చిత్రకారుడు వేసినవి కావు. గోడ మీది లైటు వేసినవి. చిత్రంలో వెలుతురు ఎడమ నుంచి వస్తున్నట్టు వేసి, గ్యాలరీలో లైటు పైనుంచి పడితే ఒకే ముఖం మీద రెండు సూర్యుళ్లు ఉన్నట్టవుతుంది. అడ్డంగా సాగిన గట్లకు పైలైటు వల్ల ప్రతిదాని కిందా గీతలా నీడ పడుతుంది, నిలువు గట్లకు అంత పడదు. మందమైన పోర్ట్రెయిట్ వేసేవారు అది ఏ గోడకు, ఏ లైటు కింద వేలాడుతుందో ముందే కనుక్కోవడం చాదస్తం కాదు.

యూరప్ పాతకాలపు పద్ధతిలో వెలుగు చోట్ల మందంగా, నీడ చోట్ల పల్చగా రంగు వేసేవారు. రెంబ్రాంట్ ముఖాల్లో ఇది స్పష్టం. నీడలో మందంగా వేస్తే ఆ గట్ల కొసలు మెరిసి నీడ లోతును చెదరగొడతాయి, నలుపు బూడిదైపోతుంది. వెలుగు చోట గట్టు మెరిస్తే నష్టం లేదు, అక్కడ మెరుపే కావాలి.

ఈ నియమాన్ని తెలిసి మార్చినవారి దగ్గర నేర్చుకోవలసింది ఎక్కువ. బ్రిటిష్ చిత్రకారుడు లూసియన్ ఫ్రాయిడ్ 1950ల చివర్లో మెత్తటి సేబుల్ బ్రష్‌లు వదిలి పంది వెంట్రుకల బ్రష్‌లు పట్టుకున్నారు. తర్వాత క్రెమ్నిట్స్ వైట్ అనే సీసపు తెలుపుకు మళ్లారు. ఈ తెలుపు బరువైనది, గింజకట్టి ఉంటుంది, ముద్ద జారకుండా పెట్టినచోటే నిలుస్తుంది. ఆయన ముఖాల్లో చర్మం చర్మంలా బరువుగా అనిపించడంలో ఈ పదార్థం వాటా చాలా ఉంది. 2001లో పూర్తయిన ఎలిజబెత్ రాణి చిత్రం 24 సెంటీమీటర్ల ఎత్తు కూడా లేదు. అంత చిన్న చోటులో అంత ముద్ద రంగు పెట్టడం వల్ల ప్రతి బ్రష్ గీతా ఒక కండరంలా కనిపిస్తుంది. రాణిని ముసలిగా, కటువుగా చూపారని అప్పట్లో వచ్చిన విమర్శకు సగం కారణం కొలతే. ముఖం చిన్నదై బ్రష్ పెద్దదైతే గీత ముడతగా చదవబడుతుంది.

2024 నవంబరులో 93 ఏళ్ల వయసులో మరణించిన ఫ్రాంక్ ఆయర్‌బాక్ 1950ల్లో తలలను పొర మీద పొరగా, శిల్పం అనిపించేంత మందంతో కట్టారు. తర్వాతి దశాబ్దాల్లో పద్ధతి మార్చారు. ఆ రోజు వేసింది కుదరకపోతే మొత్తం గీకేసి, మరుసటి సిట్టింగ్‌లో మళ్లీ మొదలు. చివరికి నిలిచిన చిత్రం ఒకే విడతలో తడి మీద తడిగా వేసింది. వెనక మాత్రం నెలల తరబడి చేసిన సాధన ఉంటుంది. బయటినుంచి చూసేవారికి తొందరపాటుగా అనిపించే గీత నిజానికి ఎన్నోసార్లు వేసి చెరిపిన గీత.

ఫ్రాన్సిస్ బేకన్‌ది ఇంకో దారి. ప్రైమర్ (రంగు ఇంకకుండా ముందు పూసే పూత) లేని కాన్వాస్ వెనక వైపు వేసేవారు. అక్కడ నార రంగును పీల్చేసుకుంటుంది, చెరపడం కుదరదు. నేపథ్యం బట్టలో ఇంకిపోయి చదునుగా ఉంటే, ముఖం మీద ముద్ద మాత్రమే పైకి లేస్తుంది. చూపు ముఖం దగ్గరే చిక్కుకుంటుంది.

గరుకు శక్తి ఎంతో తేల్చి చూపినది మన ఎఫ్.ఎన్. సూజా. 1960ల మధ్యలో నలుపు మీద నలుపు రంగుతోనే తలలూ ఆకారాలూ వేసి, 1966లో లండన్ గ్రోవ్‌నర్ గ్యాలరీలో ప్రదర్శించారు. రంగు తేడా లేదు, ముదురు-లేత తేడా కూడా వేయలేదు. బ్రష్ గీతల గట్ల మీద వెలుతురు జారినప్పుడే ముఖం బయటపడుతుంది. చూసేవారు రెండడుగులు పక్కకు జరిగితే ముఖం మాయమవుతుంది. గరుకు తనంతట తానే ముదురు-లేతలను పుట్టించగలదు అనడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

ముఖంలో మందం ఎక్కడ చెడగొడుతుందో కొన్ని చోట్లు దాదాపు స్థిరం. కంటి కొస దగ్గర లేచిన గట్టు ముడతగా కనిపిస్తుంది. నోటి మూల దగ్గర అర మిల్లీమీటరు ముద్ద చాలు, చిరునవ్వు వెటకారంగా మారిపోతుంది. పసిపిల్లల ముఖం మీద గరుకు పెంచితే వయసు పెరుగుతుంది. అందుకే తెలిసినవారు పిల్లల చిత్రాల్లో మందాన్ని జుట్టులో, బట్టల్లో, వెనక గోడలో వాడి చెంపలను పల్చగా వదిలేస్తారు. గీత దిశ కూడా మాట్లాడుతుంది. చెంప గుండ్రానికి అనుగుణంగా తిరిగిన గీత ఆకారాన్ని చెబుతుంది, అడ్డంగా కోసిన గీత ఆకారాన్ని కాదని పదార్థాన్ని ముందుకు తెస్తుంది. 2025 వేసవిలో లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో పెద్ద ప్రదర్శన జరిగిన జెన్నీ సావిల్ చిత్రాల్లో ఈ రెండు రకాల గీతలూ ఒకే చెంప మీద పోట్లాడుకుంటాయి. దూరం నుంచి మాంసం, దగ్గరకు వెళ్తే రంగు.

## మందం లెక్కలు, పగుళ్ల కారణాలు

మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు కాన్వాస్ మొత్తాన్ని సగటున మూడు మిల్లీమీటర్ల మందంతో నింపాలంటే సుమారు 1,670 మిల్లీలీటర్ల రంగు కావాలి. 40 మిల్లీలీటర్ల ట్యూబులు 42. బరువు రెండున్నర కిలోల వరకు వస్తుంది, ఆ బరువుకు బిగించిన బట్ట మధ్యలో జారుతుంది. ముఖం ఒక్కటే, అంటే ముప్పై సెంటీమీటర్లు ఇరవై సెంటీమీటర్ల చోటు, అదే మందంలో నాలుగున్నర ట్యూబులు తాగుతుంది. మందం ఎక్కువగా వాడదలచినప్పుడు బట్టకు బదులు గెస్సో అనే తెల్లటి అడుగు పూత పూసిన ప్లైవుడ్ పలకో, పలకకు అంటించిన కాన్వాసో వాడటం మేలు. ఊగే నేల మీద గట్టిపడిన ముద్ద నిలవదు.

ఆయిల్ రంగు నీరు ఆవిరై ఎండదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. ఆ గాలి పైనుంచే అందుతుంది కాబట్టి పైన పొర ముందు కడుతుంది, లోపల నెలల తరబడి, మరీ మందమైతే ఏళ్ల తరబడి మెత్తగానే ఉంటుంది. నూనె ఎక్కువైతే పైపొర ముడతలు పడుతుంది. కింద నెమ్మదిగా ఎండే పొర, పైన త్వరగా ఎండే పొర ఉంటే పైది పగులుతుంది. అందుకే కింది పొరల్లో నూనె తక్కువ, పైకి వెళ్లేకొద్దీ ఎక్కువ అన్న నియమం. మాంగనీసు ఉన్న అంబర్లు ఒకటి రెండు రోజుల్లో ఆరతాయి, టైటానియం తెలుపు వారం తీసుకుంటుంది. ముఖం వెలుగు భాగాలన్నీ తెలుపు కలిసినవే కాబట్టి చిత్రం మొత్తంలో ఆలస్యంగా ఆరేది ముఖమే.

ట్యూబు వెనక పిగ్మెంట్ సంకేతం చదవడం అలవాటు చేసుకోవాలి. పీడబ్ల్యూ 6 అంటే టైటానియం, పీడబ్ల్యూ 4 అంటే జింక్, పీడబ్ల్యూ 1 అంటే సీసం. జింక్ తెలుపు నూనెలోని ఆమ్లాలతో కలిసి సబ్బులాంటి పదార్థంగా మారి, కాలక్రమంలో పెళుసై పొరలుగా ఊడుతుంది. చాలా తెలుపు ట్యూబుల్లో టైటానియంతోపాటు ఇదీ ఉంటుంది. మందమైన పనికి అది లేనిదే చూసుకోవాలి. సీసపు తెలుపు విషం. తడిగా వాడేటప్పుడు చేతులు కడుక్కోవాలి, ఎండాక దాన్ని ఉప్పు కాగితంతో ఎట్టి పరిస్థితిలోనూ రుద్దకూడదు.

ఆక్రిలిక్ వేరే స్వభావం. నీరు పోగానే పొర కుంచించుకుపోతుంది కాబట్టి తడిలో కనిపించిన గట్టు ఆరాక కొంత కూలుతుంది, రంగు కూడా ఒక మెట్టు ముదురుతుంది. గరుకు కోసం వాడే చిక్కటి ముద్ద, మోడలింగ్ పేస్టును ఒకేసారి దట్టంగా పెట్టి ఫ్యాను కింద ఆరబెడితే పైన తొక్క బిగిసి, లోపలి నీరు బయటికి వచ్చేటప్పుడు చెరువు అడుగు మట్టిలా పగుళ్లిస్తుంది. మూడు మిల్లీమీటర్లకు మించకుండా పొరలు వేసి, పైన వదులుగా ప్లాస్టిక్ కవర్ కప్పి, పొరకు పొరకు కనీసం ఒక రోజు ఇవ్వాలి. ఇసుక కలపదలిస్తే సముద్రపు ఇసుక వద్దు. దాన్లోని ఉప్పు తేమను లాగుతూనే ఉంటుంది. ఏటి ఇసుకను కడిగి, ఎండబెట్టి, జల్లించి, మూడు వంతుల ఆక్రిలిక్ జెల్‌కు ఒక వంతుతో మొదలుపెట్టాలి. ఇసుక పెరిగేకొద్దీ పట్టు తగ్గి గోటితో గీకితే రాలుతుంది.

ఆక్రిలిక్ మీద ఆయిల్ వేయవచ్చు. ఆయిల్ మీద ఆక్రిలిక్ పట్టదు, ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

వేసవి మన చిత్రాలకు పరీక్ష. ఆక్రిలిక్ వేడికి మెత్తబడే ప్లాస్టిక్. మే నెలలో రెండు కాన్వాసులను ముఖాముఖి ఆనించి పెడితే అతుక్కుంటాయి, విడదీస్తే గట్ల కొసలు పక్కదానితో పోతాయి. కోస్తా ఊళ్లలో వానాకాలం బట్ట సడలుతుంది, గోడకు ఆనించిన వెనక వైపు బూజు పడుతుంది. ఫ్రేము వెనక నాలుగు మూలలా అర అంగుళం కార్కు ముక్కలు పెడితే గాలి ఆడుతుంది. గట్ల మధ్య చేరిన దుమ్మును మెత్తని పొడి బ్రష్‌తో దులపాలి. తడిగుడ్డ పెడితే దుమ్ము బురదై గట్ల మొదళ్లలో శాశ్వతంగా కూర్చుంటుంది.

## నెత్తురు ఇంకిపోయిన ముఖాలు

భావం కోసం ఎంచుకున్న రంగు చిత్రంలో నిలవకపోతే ఆ భావమూ నిలవదు. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో జాషువా రెనాల్డ్స్ చెంపల ఎరుపుకు పురుగుల నుంచి తీసే కార్మైన్ వాడారు. కూర్చున్నవారు బతికుండగానే కొన్ని చిత్రాల్లో ఆ ఎరుపు వెలిసిపోయి ముఖాలు పాలిపోయాయి. ఇవాళ అలాంటి ప్రమాదం అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపుతో ఉంది. సంకేతం పీఆర్ 83. మందంగా ఉన్నచోట నిలుస్తుంది, తెలుపు కలిపి పెదవులకో చెంపలకో పల్చగా వాడితే వెలుతురుకు తేలిపోతుంది. పీవీ 19 క్వినాక్రిడోన్, పీఆర్ 179 పెరిలీన్ అనే పిగ్మెంట్లు ఆ చోటును గట్టిగా నింపుతాయి. ఫ్లోరసెంట్ గులాబీలు, నారింజలు ఇప్పుడు పోర్ట్రెయిట్లలో బాగా వాడుకలోకి వచ్చాయి. ఎండ తగిలే గోడ మీద అన్నిటికంటే ముందు చచ్చేవి అవే.

## తెర మీద చూసి తీర్పు చెప్పడంలో చిక్కు

యో చిత్రాన్ని తిట్టినవారూ మెచ్చినవారూ అత్యధికులు దాన్ని అరచేతి తెర మీదే చూశారు. బలమైన ఎరుపును ఫొటో తీసేటప్పుడు కెమెరాలో ఎరుపు భాగం తన గరిష్ఠాన్ని తాకేస్తుంది, ఆకుపచ్చ, నీలం భాగాలు దాదాపు సున్నా దగ్గర ఉంటాయి. ఎరుపులో ఎరుపుకు ఉన్న తేడాలు, అంటే బ్రష్ గీతలూ పల్చని పారదర్శక రంగు పూతలూ, ఆ గరిష్ఠం దగ్గర కలిసిపోయి ఒకే ఎర్రని మచ్చ మిగులుతుంది. నిలువెత్తు కాన్వాస్ నాలుగు అంగుళాలకు కుదించుకుపోయినప్పుడు గరుకు మొత్తం మాయం. మందమైన చిత్రాన్ని ఫొటో తీయాలంటే లైటును ఒక పక్క నుంచి సుమారు 45 డిగ్రీల కోణంలో పెట్టాలి, ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గించి తీసి, గరుకు కోసం పక్కవాటు వెలుతురులో ఇంకో ఫొటో విడిగా తీసుకోవాలి. సోషల్ మీడియాలో పెట్టే ఒక్క ఫొటో ఈ రెండు పనులూ ఒకేసారి చేయలేదు.

తెర ప్రభావం వెనక్కి కూడా తిరుగుతోంది. తెర మీద బాగా కనిపించేది బలమైన రంగు, కనిపించనిది గరుకు. అందువల్ల ఆన్‌లైన్‌లో పేరు తెచ్చుకోవాలనుకునే చిత్రకారులు రంగును పెంచుతున్నారు. గ్యాలరీలో, ఇంట్లో అమ్ముడుపోవాలంటే గరుకే చేతిపనికి రుజువుగా పనికొస్తోంది. ఈ రెండు ఒత్తిళ్లూ ఒకే కాన్వాస్ మీద కలుస్తున్నాయి.

రుజువు అన్న మాటకు ఒక జాగ్రత్త అవసరం. కాన్వాస్ మీద ప్రింటు తీసి, పైన పారదర్శకమైన జెల్‌ను బ్రష్‌తో పూసి చేత్తో వేసిన పోర్ట్రెయిట్‌గా అమ్మడం కష్టమైన పనేమీ కాదు. గుర్తుపట్టడానికి గది లైట్లు ఆర్పి, ఫోన్ టార్చిని కాన్వాస్‌కు దాదాపు ఆనించి పక్కనుంచి వేయాలి. చేత్తో వేసినదైతే గట్టు ఎక్కడ ముగుస్తుందో రంగు కూడా అక్కడే మారుతుంది, గట్టు కొసలో రెండు రంగులు కలవకుండా చారలుగా కనిపిస్తాయి. ప్రింటు మీద జెల్ అయితే గట్లు ఒక దారిన, రంగు అంచులు ఇంకో దారిన పోతాయి. కనుపాప అంచు మీదుగా, పెదవి మీదుగా, చెవి మీదుగా ఒకే గీత ఆగకుండా సాగిపోతుంది.